ప్రభువు చేతులలో పసిబిడ్డలు

ధ్యాన భాగము: మార్కు 10:13–16



ఈ నెల ధ్యానమునకు తీసికొనిన భాగము మీలో అనేకులకు కంఠతా వచ్చినదే. సండేస్కూలు గోడమీద ఆ పటమును చూడనివారు మనలో లేరు. యేసు ప్రభువు ఒక రాతిమీద కూర్చుండియుండగా, శుభ్రముగా తల దువ్వుకొనిన పిల్లలు చుట్టును నిలువబడి నవ్వుచుందురు. పటము ముచ్చటగానే యున్నది గాని, మార్కు వ్రాసిన సంగతికి అది కొంచెము దూరము. అక్కడ నవ్వులకంటె ముందు కేకలున్నవి. తల్లులు బిడ్డలను తెచ్చిరి, శిష్యులు గద్దించిరి, ప్రభువు కోపపడెను. ఆ తరువాతనే బిడ్డలు ఆయన చేతులలోనికి వచ్చిరి.

ఆ బిడ్డలు ఎంతటివారని అడిగినయెడల లూకా సువార్త మనకు సహాయము చేయును. లూకా 18:15లో వాడబడిన గ్రీకు మాట ‘బ్రెఫోస్’. అదే మాటను లూకా పశువుల తొట్టిలో పరుండియున్న శిశువును గూర్చి 2:12లోను, ఎలీసబెతు గర్భములో గంతులు వేసిన శిశువును గూర్చి 1:41లోను వాడియున్నాడు. అనగా తల్లులు తెచ్చినవారిలో చంకబిడ్డలు, పాలు త్రాగు బిడ్డలు ఉండిరి. దుమ్ము త్రోవలో నడిచి వచ్చిన తల్లుల చంకలలోని బిడ్డలెట్లుందురో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ముక్కు కారుచుండును, పాలకు ఏడ్చుచుందురు, ఎవరి గడ్డము దొరికిన దానిని పట్టి లాగుచుందురు.

శిష్యులను మనము తొందరపడి నిందింపకూడదు. అంతకుముందే పరిసయ్యులు వచ్చి భార్యను విడనాడుటను గూర్చి ప్రశ్నించిరి. అది పెద్దల మాట, ధర్మశాస్త్రపు మాట. అటువంటి సమయములో పసిబిడ్డలెందుకని వారు తలంచియుందురు. బిడ్డలకు బోధ అర్థము కాదు, వారు మారుమనస్సు పొందలేరు, కానుక వేయలేరు. వారివలన సభకు కలుగు లాభమేమి? మన సంఘములలోని పెద్దలు సరిగా ఈ లెక్కయే వేయుచుందురు. ప్రసంగ సమయమున బిడ్డ ఏడ్చినచో వెనుకనుండి ‘ష్, ష్’ అను శబ్దము వచ్చును. తల్లి తల వంచుకొని చెప్పులు వెదకుకొనుచు బయటికి పోవును. ఆ తల్లి మరల మూడు ఆదివారములు రాదు.

ప్రభువు కోపము ఇక్కడ సామాన్యమైనది కాదు. మార్కు వాడిన గ్రీకు మాటకు సహింపలేనంత ఆగ్రహమని అర్థము. సువార్తలలో ఈ మాట ఇతరులను గూర్చి పలుమారులు వచ్చును గాని, యేసును గూర్చి వచ్చుట ఈ ఒక్క చోటనే. పసిబిడ్డకును తనకును మధ్య ఎవరో అడ్డుగా నిలిచినప్పుడే ఈ మాట ఆయనను గూర్చి వ్రాయబడినది.

అటుపిమ్మట ఆయన చేసిన పనిని చూడుడి. ఆ బిడ్డలకు ఆయన బోధ చేయలేదు, ఉపమానము చెప్పలేదు. ఎత్తుకొని, రెండు చేతుల వంపులోనికి తీసికొని, చేతులుంచి ఆశీర్వదించెను. ఇక్కడ ‘ఎత్తి కౌగిలించుట’కు వాడబడిన గ్రీకు క్రియ క్రొత్త నిబంధన అంతటిలో రెండే మారులు కనబడును. రెండును మార్కులోనే యున్నవి, రెండును పిల్లలను గూర్చియే (9:36, 10:16). మత్తయి, లూకా ఈ సంగతిని వ్రాయక విడిచిరి. మార్కు మాత్రము ఆ చేతులను మరువలేదు. వాక్యము అర్థముకాని వయస్సులో బిడ్డకు చేయి అర్థమగునని ప్రభువునకు తెలియును.

చేతుల స్పర్శ బిడ్డకు ప్రాణమగునని చెప్పుట అలంకారము కాదు. కొలంబియా దేశపు రాజధానియైన బొగోటాలో 1978లో ఎడ్గార్ రే అను పిల్లల వైద్యుడుండెను. పేద తల్లులు కాన్పునకు వచ్చు ఆ ఆసుపత్రిలో, నెలలు నిండకుండ పుట్టిన బిడ్డలను వెచ్చగా ఉంచు పెట్టెలు చాలకుండెను. అందుచేత ఆయన బిడ్డను తల్లి రొమ్ముమీద, చర్మమునకు చర్మము తగులునట్లు, నిలువుగా గుడ్డతో కట్టించెను. కంగారూ అను జంతువు తన పిల్లను సంచిలో మోయునట్లున్నదని దానికి ఆ పేరే వచ్చినది. పెట్టెలు లేక మొదలుపెట్టిన ఆ పద్ధతిని తరువాత పెట్టెలున్నచోటను పరీక్షించి చూచిరి. మన దేశముతో కూడ ఐదు దేశముల ఆసుపత్రులలో జరిగిన పరిశోధన 2021లో ప్రకటింపబడినది. బహు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలను పుట్టిన వెంటనే తల్లి రొమ్మున కట్టినచో, మొదటి 28 దినములలో నూటికి 12 మంది మరణించిరి. మొదట యంత్రములయొద్ద ఉంచి, కుదుటపడిన తరువాత కట్టినచో నూటికి దాదాపు 16 మంది మరణించిరి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండనివారికిని, రెండున్నర కిలోలకు తక్కువ తూగువారికిని పుట్టినది మొదలు దీనినే చేయుమని సలహా ఇచ్చెను. తల్లికి శక్తి లేనప్పుడు తండ్రియు, ఇంటివారును బిడ్డను అట్లు కట్టుకొనవచ్చును. నూటికి నలుగురు బిడ్డలు ఎంతటి లెక్కయో, ఒక చిన్న గోతిలో తన బిడ్డను ఉంచి వచ్చిన తల్లి నడుగుడి.

ఇక మన పల్లెలకు వత్తము. మనవారిలో ఒక మాట యున్నది. “ఎక్కువ ఎత్తుకోకండే, చేతులు మరుగుతాడు” అని అత్తలు కోడండ్రను గద్దించుదురు. అదే అత్త తెల్లవారగానే కాళ్లు చాపి కూర్చుండి, బిడ్డను కాళ్లమీద బోర్లించి, నూనె రాచి, నలుగు పెట్టి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, ముక్కు నొక్కి, తల గుండ్రముగా వచ్చుటకు ఒత్తి, అరగంట సేపు బిడ్డతో మాట్లాడుచునే యుండును. ఆమె మాటకంటె ఆమె చేతులు బాగుగా ఎరిగియున్నవి. నేను అట్టి పెద్దమ్మలకు చెప్పునది ఒక్కటే. స్నానపు వేళ ఉన్న జ్ఞానమును తక్కిన దినమంతయు ఉంచుకొనుడి.

చేతులు మరుగుననునది మన పల్లెలకే చెందిన మాట కాదు. చదువుకొనిన దేశములలో గొప్పవారే దీనిని బోధించిరి. 1928లో అమెరికాలో జాన్ వాట్సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తలిదండ్రుల కొరకు ఒక పుస్తకము ప్రకటించెను. బిడ్డను ముద్దాడవద్దు, కౌగిలింపవద్దు, ఒడిలో కూర్చుండనీయవద్దు, విధిలేనియెడల రాత్రి పడుకొనబోవునపుడు నుదుటిమీద ఒక్క ముద్దు పెట్టుడి, ఉదయమున చేయి కలుపుడి అని ఆయన సలహా. చిన్నబిడ్డతో కరచాలనము! ఎందరు తల్లులు తమ హృదయములను బిగబట్టుకొని ఆ పండితుని మాట వినిరో దేవునికే తెలియును. పిల్లల వైద్యులు నేడు దానిని అంగీకరింపరు. పాలు త్రాగు బిడ్డ ఏడ్చుట పెంకితనము కాదు. ఆకలి, తడి, నొప్పి, భయము, ఒంటరితనము అన్నిటికిని వానికున్నది ఆ ఒక్క భాషయే. పిలిచినప్పుడు పలుకువారున్నారని ఆ వయస్సులో నేర్చుకొనిన బిడ్డకు, పెరిగిన తరువాత ప్రార్థన అనగా ఏమో చెప్పుట సులభము.

తండ్రులతో ఒక మాట. తన తండ్రి యెదుట, ఊరి పెద్దల యెదుట తన బిడ్డను ఎత్తుకొనుట సిగ్గుమాలిన పని యని మన కుటుంబములలో ఒక మర్యాద ఉండెను. ఇప్పుడది కొంత సడలినది గాని పోలేదు. అరుగుమీద తాత కూర్చుండియుండగా, కన్నతండ్రి తన కుమార్తె ఏడ్చుచున్నను పొరుగు బిడ్డను చూచినట్లు చూచి పోవును. దూడను ఎత్తుకొని కాలువ దాటించుటకు లేని సిగ్గు బిడ్డను ఎత్తుకొనుట కెందుకు? యెషయా 66:12లో దేవుడు తన ప్రజలను చంకను మోయుటను, మోకాళ్లమీద ఆడించుటను గూర్చి పలుకుచున్నాడు. హోషేయ 11వ అధ్యాయములో ఆయన తప్పటడుగులు వేయు బిడ్డకు నడక నేర్పి, చేతులలో ఎత్తుకొను తండ్రి. సర్వశక్తుడు తన్ను గూర్చి ప్రవక్తలచేత ఇట్లు వ్రాయించుకొనుటకు సిగ్గుపడలేదు. అపొస్తలుడైన పౌలు వంటి గట్టి మనుష్యుడు థెస్సలొనీక సంఘమునకు వ్రాయుచు తన్ను పాలిచ్చి పెంచు స్త్రీతో పోల్చుకొనెను (1 థెస్స. 2:7). సామెతలు 13:24లోని బెత్తమును ఎన్నడును మరువని తండ్రులు కొలొస్సయులు 3:21ని మాత్రము ఎందుచేతనో గుర్తుంచుకొనరు. ఇంటికి వెళ్లి దానిని తీసి చదువుకొనుడి.

ఆడపిల్ల పుట్టినదని ముఖము తిప్పుకొనువారు మన సంఘములో ఇంకను ఉన్నారు. వారి కొరకు మార్కు 5:41ని చదువుడి, యాయీరు కుమార్తె చేతిని పట్టుకొనినది ఎవరో చూడుడి. ఇంతకంటె నేను వ్రాయను.

నేను ఎక్కువగా వ్రాయగోరునది మరియొక సంగతి. మన గోదావరి డెల్టా గ్రామములలో, ప్రతి వీధిలోను, తల్లి గల్ఫు దేశములో నుండగా మామ్మయొద్దనో అమ్మమ్మయొద్దనో పెరుగుచున్న బిడ్డ ఒకటైన నున్నది. కువైటు, మస్కటు, దుబాయి, బహ్రెయిను అను పేర్లు మన పిల్లలకు రాజమండ్రి, కాకినాడ అంత పరిచయము. అక్కడ మన చెల్లెండ్రు ఇతరుల బిడ్డలకు స్నానము చేయించి, అన్నము తినిపించి, ఎత్తుకొని నిద్రపుచ్చి జీతము తీసికొందురు. తమ బిడ్డలు ఇక్కడ ఫోనులో ఆ ముఖమును చూచుచుందురు.

నిర్గమ కాండము 2వ అధ్యాయమును దీనితో కలిపి చదివినప్పుడు నా మనస్సు నిలువదు. ఫరో కుమార్తె పెట్టె తెరచినప్పుడు బిడ్డ ఏడ్చుచుండెను, ఆమె కనికరపడెను. దాది కావలసివచ్చినది. మిర్యాము పోయి బిడ్డ కన్నతల్లినే తెచ్చెను. యోకెబెదు తన బిడ్డకు పాలిచ్చి, తన బిడ్డను పెంచి, రాజు ఇంటి జీతము తీసికొనెను. అది దేవుడు చేసిన ఆశ్చర్యము. మన చెల్లెండ్రకు జరుగుచున్నది దానికి తలక్రిందులు. ఇతరుల బిడ్డను పెంచుటకు జీతము, తన బిడ్డను పెంచుటకు సెలవు లేదు. 2017లో మన దేశములో ఉద్యోగపు స్త్రీలకు ప్రసూతి సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచిరి, మంచిదే. ఊడ్పులకు పోవు కూలి తల్లికి ఆ 26 వారములు ఎవరిచ్చెదరు? కాలువగట్టున చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, వరుసకును వరుసకును మధ్య తలయెత్తి చూచుకొనుటయే ఆమె సెలవు. అప్పు పెరిగిన తరువాత ఆ చెట్టు ఉయ్యాలయు విడిచి విమానమెక్కును. కనుక వెళ్లిన తల్లిని గూర్చి ఎవరైనను వేదికమీదనో అరుగుమీదనో నిష్ఠురముగా మాట్లాడినయెడల నేను ఒప్పుకొనను. భార్య పంపిన డబ్బుతో త్రాగి తిరుగు భర్తను గూర్చి మాత్రము ఎంత నిష్ఠురముగానైనను మాట్లాడుడి.

మన ప్రాంతములోని ఒక ఇంటి సంగతి చెప్పుదును, పేర్లక్కరలేదు. పది నెలల పిల్లవానిని మామ్మయొద్ద విడిచి తల్లి కువైటు వెళ్లెను. కొన్ని నెలల తరువాత నేను ప్రార్థనకు వెళ్లినప్పుడు మామ్మ సంతోషముగా చెప్పెను. “మొదట్లో గుమ్మం దగ్గరే కూకుని ఒకటే ఏడుపండి అయ్యగారూ. ఇప్పుడు ఏడవడం మానేశాడు. బుద్ధొచ్చిందండి.” పిల్లవాడు గోడకు ఆనుకొని కూర్చుండియుండెను. ఎవరు పిలిచినను పోవును, ఎవరు దింపినను దిగును. రెండేండ్లకు తల్లి పెట్టెలతో, బొమ్మకారుతో వచ్చినది. వాడు మామ్మ చీరకుచ్చిళ్ల చాటునకు పోయి, “ఆంటీ ఎవరు?” అని అడిగెను. ఆమె ఏడ్వలేదు. బొమ్మకారు పట్టుకొని మెట్టుమీద చాలసేపు కూర్చుండెను.

1952లో ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ అనునతడు ఇటువంటి సంగతిని చలనచిత్రముగా తీసెను. రెండేండ్ల ఐదు నెలల బాలిక చిన్న శస్త్రచికిత్సకై 8 దినములు ఆసుపత్రిలో ఉండెను. ఆ కాలమున తలిదండ్రులను బిడ్డయొద్ద ఉండనీయకపోయిరి. ఆ బాలిక పెద్దగా ఏడ్వలేదు. అమ్మ ఏదని మెల్లగా అడుగుచు, తన బొమ్మను పట్టుకొని పడకలో నుండెను. తల్లి చూడవచ్చినప్పుడు ముఖము తిప్పుకొనెను. ఏడ్వని బిడ్డ కుదుటపడిన బిడ్డ యని అంతవరకు వైద్యులును నర్సులును అనుకొనుచుండిరి. ఆ నిమ్మళము కుదుటపడుట కాదు, ఆశ వదలుకొనుట యని రాబర్ట్‌సన్ చెప్పెను. మొదట అనేకులు ఆయనమీద కోపపడిరి. అయితే 1959లో అక్కడి ప్రభుత్వము నియమించిన సంఘమొకటి, తలిదండ్రులు ఎప్పుడైనను వచ్చి బిడ్డలను చూచుకొనునట్లు ఆసుపత్రులు అనుమతింపవలెనని సిఫారసు చేసినది. ఎనిమిది దినములకే ఇట్లుండగా రెండు సంవత్సరములకు ఎట్లుండును?

అయితే ఆశ లేదని నేను వ్రాయుట లేదు. రూతు గ్రంథపు చివరి అధ్యాయములో నయోమి ఉన్నది. భర్తను, ఇద్దరు కుమారులను పాతిపెట్టి వచ్చి, తనపేరే చేదని చెప్పుకొనిన స్త్రీ. ఆమె చేతికి మనుమడు వచ్చినప్పుడు వానిని కౌగిట ఉంచుకొని దాదియయ్యెను (4:16). ఆ ముసలి రొమ్మున పెరిగిన ఓబేదు దావీదునకు తాత. బిడ్డకు కావలసినది తన్ను ఎరిగిన, విడువని ఒక్క ఒడి. ఆ ఒడి మామ్మదైనను నిలుచును. మామ్మలారా, అమ్మమ్మలారా, మీరు అన్నము వండి పెట్టు కావలివారు మాత్రమే కారు. బిడ్డ ఏడ్చుట మానినదని సంతోషింపకుడి. దానిని దగ్గరకు తీసికొని ఏడ్వనీయుడి. “మీ అమ్మ నిన్ను వదిలేసి పోయింది” అని వేళాకోళమునకైనను అనకుడి. “బూచాడికి ఇచ్చేస్తాను” అని అన్నము తినిపింపకుడి. ఒకసారి ఎవరో తన్ను ఇచ్చివేసిరని లోలోపల నమ్మిన బిడ్డకు అది వేళాకోళము కాదు. సెల్‌ఫోను చేతికిచ్చి గోడయొద్ద కూర్చుండబెట్టినచో బిడ్డ ఊరకుండును, నిజమే. ఊరకుండుటను గూర్చి పైన వ్రాసితిని.

దూరమున నున్న తల్లులకు ఈ పత్రిక చేరునట్లు ఇంటివారు ఫోటో తీసి పంపుడి. అమ్మలారా, హన్నాను గుర్తుచేసికొనుడి. ఆమె తన చిన్నవానిని షిలోహులో విడిచి, ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను (1 సమూ. 2:19). పోయిన ఏటి అంగీ ఈ ఏడు పట్టదు. దూరమున నున్నను బిడ్డ ఎంత ఎదిగినదో ఆమె మనస్సులో కొలుచుకొనుచునే యుండవలెను గదా. మీరును ఫోనులో “అన్నం తిన్నావా” అని మాత్రమే అడుగక, ఏ పన్ను ఊడినది, ఏ కుక్కపిల్ల వచ్చినది, ఎవరితో పోట్లాడినది అడుగుడి. ఇంటికి వచ్చినప్పుడు బిడ్డ దాగుకొనినయెడల లాగి ముద్దు పెట్టుకొనవలదు. పైన చెప్పిన తల్లి తొందరపడలేదు. వాని దగ్గరలో కూర్చుండి కూరగాయలు తరుగుచు, వాని మామ్మతో మాట్లాడుచు ఉండెను. మూడవ వారమున వాడు తన అన్నపు పళ్లెమును మామ్మయొద్దకు గాక ఆమెయొద్దకు తెచ్చి నిలువబడెను.

ఆమె ఇప్పుడు మరల వెళ్లవలెనా వలదా అను మాట ఆ ఇంటిలో నలుగుచున్నది. అప్పులో సగము తీరినది, సగము మిగిలినది. నా అభిప్రాయము అడిగిరి, చెప్పితిని. బడికి పోవు వయస్సు వచ్చువరకు ఆగుమంటిని. ఆగుటకు ఆ ఇంటికి నెల నెల ఎంత కావలెనో లెక్క వేసి స్త్రీల సమాజపు పెద్దలతో మాట్లాడుచున్నాము. వడ్డీ తీసికొనువారిలో ఒకరు మన సంఘస్థులే. ఆయనతో కూడ మాట్లాడవలసియున్నది. శిష్యులు తల్లులను అడ్డగించిన విధములు ఒక్కటే కాదని నేను ఇప్పుడు తలంచుచున్నాను. కొందరు కేకలు వేసి అడ్డగింతురు, కొందరు నూటికి మూడు రూపాయల వడ్డీతో అడ్డగింతురు.

మన ఆరాధనను గూర్చి ఒక ఏర్పాటు. బిడ్డ ఏడ్చినప్పుడు ఎవరును వెనుకకు తిరిగి చూడకూడదని పెద్దల సభలో తీర్మానించితిమి. తల్లి చేతులు నొచ్చినప్పుడు ప్రక్కనున్న వారెవరైనను బిడ్డను అందుకొనవచ్చును, పురుషులును అందుకొనవచ్చును, బిడ్డ వచ్చుటకు ఇష్టపడినయెడలనే సుమా. బిడ్డ ఏడుపు నా ప్రసంగముకంటె పెద్దదైనచో నేను ఒక నిమిషము ఆగెదను, దానివలన ప్రసంగమునకు నష్టము లేదు. వరండాలో పడమటి వైపు దూలమునకు రెండు గట్టి కొక్కెములు వేయించితిమి. అక్కడనుండి వాక్యము వినబడును, బలిపీఠమును కనబడును. ఊడ్పులనుండి తిన్నగా వచ్చు తల్లులు ఉయ్యాల కట్టుకొనవచ్చును. చీర మాత్రము మీరే తెచ్చుకొనవలెను.